మావారిది కాని కేసు ఆయన పేరు మీదికి ఎలా వచ్చింది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం ఫ్రిస్కోలో ఉంటాం. మావారు హెచ్1బీ, నేను హెచ్4. పిల్లల స్కూలుకి దగ్గరని వేరే అపార్ట్‌మెంట్‌కి అప్లై చేస్తే రిజెక్ట్ చేశారు. ఒక్లహోమాలో మావారి మీద దొంగతనం కేసు ఉందట! ఆయన ఆ రాష్ట్రంలో ఒక్క రాత్రి కూడా ఉండలేదు. పాస్‌పోర్టులో ఆయన సర్‌నేమ్ రెడ్డి. ఆ కేసులో ఉన్నవాడి సర్‌నేమ్ కూడా రెడ్డే, మొదటి పేరులో తొలి అక్షరం కూడా అదే. లీజింగ్ ఆఫీసులో అమ్మాయి ఒక కాగితం చేతికిచ్చి 'రిపోర్టులో అలా వచ్చింది, మేం చేసేదేం లేదు' అంది. ఆ రాత్రి నిద్ర పట్టక మా పేర్లు గూగుల్‌లో కొట్టి చూశాను. ఎప్పుడు ఎక్కడ అద్దెకున్నామో అంతా ఉంది. ఆరు నెలలు ఉండి వెళ్లిన మా అత్తయ్య పేరు కూడా బంధువుల కింద పెట్టారు. నా ఈఏడీ (వర్క్ పర్మిట్) ఆలస్యమైనప్పుడు ఇంకొందరితో కలిసి వేసిన మాండమస్ కేసు నా పేరుతో సహా కనిపిస్తోంది. ఇదంతా వాళ్లకి ఎవరిచ్చారు? తీయించొచ్చా? వీసా మీద ఉన్నవాళ్లం, కంపెనీలతో పెట్టుకుంటే మనకే ముప్పని మావారు వద్దంటున్నారు.
– పేరు వేయవద్దు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చూద్దాం. అది తీరకపోతే నేనెంత చెప్పినా మీ ఇంట్లో ఒక్క కాగితం కూడా కదలదు. అద్దెకీ ఉద్యోగానికీ రిపోర్టులు తయారుచేసి అమ్మే కంపెనీల మీద 1970 నుంచీ ఒక ఫెడరల్ చట్టం ఉంది. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు. అది హక్కులిచ్చింది 'కన్స్యూమర్'కి. కన్స్యూమర్ అంటే ఒక వ్యక్తి అని మాత్రమే అందులో రాసుంది, సిటిజన్ అయి ఉండాలని ఎక్కడా లేదు. హెచ్1బీ మీద ఉన్న మీవారికి ఎంత హక్కుందో, ఇక్కడే పుట్టి పెరిగిన మీ పక్కింటాయనకీ అంతే ఉంది. ఆ దొంగతనం కేసుని అలాగే వదిలేస్తే మాత్రం రేపు ఇంకో అపార్ట్‌మెంట్‌ వాళ్లకీ, ఎల్లుండి ఉద్యోగం మారితే కొత్త కంపెనీకీ అదే కేసు వెళ్లొచ్చు. నాకు భయం కలిగించేది అదీ.

ఆ కేసు మీవారి పేరుకి ఎలా అంటుకుందో నేను ఊహించి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆ పని నేనే చేశాను. ఈ దేశం వచ్చిన కొత్తలో, వర్క్ పర్మిట్ చేతికి రాగానే నాకు దొరికిన మొదటి పని కోర్టు రిసెర్చర్. పొద్దున్నే కౌంటీ కోర్టులో క్లర్క్ ఆఫీసుకి వెళ్లాలి. అక్కడ ఒక మూల జనం వాడుకోవడానికి రెండు కంప్యూటర్లు ఉండేవి. కంపెనీ పంపిన నలభై యాభై పేర్ల లిస్టు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క సర్‌నేమ్ కొట్టి, ఆ పేరు మీద ఏ కేసులున్నాయి, నంబరేంటి, ఏ నేరం, చివరికి ఏమైంది అని గడుల్లో నింపాలి. పేరుకి ఇంతని డబ్బు. కోర్టు రికార్డుల్లో సోషల్ సెక్యూరిటీ నంబరు బయటివాళ్లకి చూపించరు. కనిపించేది పేరు, పుట్టిన తేదీ. కొన్నిటికి పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు.

ఒకరోజు పటేల్ అనే సర్‌నేమ్‌తో ఒక పేరు వచ్చింది. సరిగ్గా ఆ పేరుతోనే ఒక పాత కేసు దొరికింది కానీ అందులో పుట్టిన తేదీ లేదు. నేను రిమార్కుల గడిలో 'పుట్టిన తేదీ దొరకలేదు, ఇతనే అని చెప్పలేను' అని రాసి పంపాను. వారం తర్వాత వేరే పని మీద ఫోన్ చేసిన సూపర్‌వైజరు మాటల్లో చెప్పాడు, కస్టమర్‌కి వెళ్లే రిపోర్టులో రిమార్కుల గడి రాదని. అంటే ఆ కేసు అతనిదే అన్నట్టుగా ఎవరి బల్ల మీదికో వెళ్లిపోయింది. అతనెవరో, అతనికి ఇల్లు పోయిందో ఉద్యోగం పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఆ పనిలో ఎక్కువ రోజులు ఉండలేకపోయాను.

ఇప్పుడు మనిషి వెళ్లి చూసే కోర్టులు తగ్గాయి. రికార్డులన్నీ గంపగుత్తగా కొంటారు, లేదా కోర్టు వెబ్‌సైట్ల నుంచి ప్రోగ్రాములు పెట్టి లాగేస్తారు. ఒక్లహోమా సంగతే తీసుకోండి, ఓఎస్‌సీఎన్ అని అక్కడి కోర్టుల సైటే ఉంది, పేరు కొడితే పైసా ఖర్చు లేకుండా కేసులు కనిపిస్తాయి. అలా పోగేసిన కోట్ల రికార్డుల్లో మీవారి అప్లికేషన్‌లో ఉన్న పేరుని కంప్యూటర్ వెతుకుతుంది. ఎంత దగ్గరగా కలిస్తే 'ఇతనే' అనాలన్నది ఆ కంపెనీ పెట్టుకున్న లెక్క. మీకు దగ్గర్లోనే, రిచర్డ్‌సన్‌లో ఉన్న రియల్‌పేజ్ అనే కంపెనీ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో తెచ్చిన కేసు సరిగ్గా ఈ లెక్క గురించే. సర్‌నేమ్ కచ్చితంగా కలిస్తే చాలు, మొదటి పేరో పుట్టిన తేదీయో కాస్త అటూ ఇటూగా ఉన్నా ఎవరి నేరాలో తెచ్చి అద్దెకొచ్చినవాళ్ల రిపోర్టులో పెట్టారన్నది ఆరోపణ. ఆ కంపెనీ 30 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. ఇలాంటి రిపోర్టుల మీదే 2020లో యాప్‌ఫోలియో అనే ఇంకో కంపెనీ 42.5 లక్షల డాలర్లు కట్టింది. 2023లో ట్రాన్స్‌యూనియన్‌లో అద్దె రిపోర్టులు చేసే విభాగం మీద కోటిన్నర డాలర్ల సెటిల్‌మెంట్ అయింది. చూశారుగా, ఈ గొడవ మీ ఒక్క ఇంటిది అనుకోకండి.

పైగా మన పేర్లకి ఈ లెక్క అసలు సరిపడదు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడివాళ్లకి చివర. ఒకరు పాస్‌పోర్టులో ఇంటిపేరుని సర్‌నేమ్‌గా రాయించుకుంటారు, ఇంకొకరు రెడ్డి, రావు, కుమార్ అని రాయించుకుంటారు, కొందరు ఆ గడి ఖాళీగా వదిలేస్తే వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వచ్చి కూర్చుంటుంది. లైసెన్సు మీద ఒకలా, పేరోల్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉన్న మనిషిని నేనే ఎంతమందిని చూశానో. రెడ్డి అనే సర్‌నేమ్‌నీ ఒక అక్షరాన్నీ పట్టుకుని మనిషిని తేలుస్తానంటే డాలస్ చుట్టుపక్కల ఎన్ని వేలమంది ఒక్కరే అయిపోతారో మీకు నేను చెప్పాలా?

ఇక చేయాల్సిన పని. లీజింగ్ ఆఫీసు అమ్మాయి ఇచ్చిన కాగితాన్ని అడ్వర్స్ యాక్షన్ నోటీసు అంటారు. రిపోర్టు చూసి కాదన్నప్పుడు ఆ రిపోర్టు ఏ కంపెనీదో, అడ్రసు, ఫోన్ నంబరు ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఉద్యోగమైతే కాదనే ముందే రిపోర్టు కాపీ చూపించాలి. అద్దెకి ఆ రక్షణ లేదు, కాదన్నాకే చెబుతారు. ఆ నోటీసు అందిన 60 రోజుల్లోపు అడిగితే కంపెనీ రిపోర్టు కాపీ ఉచితంగా ఇవ్వాలి. లీజింగ్ ఆఫీసులో ఎంతసేపు నిలబడి వాదించినా లాభం లేదు, తప్పు దిద్దే అధికారం వాళ్లకి లేదు. ఆ కంపెనీకే రాయాలి.

రిపోర్టు రాగానే అందులో కేసు నంబరు, కౌంటీ పేరు ఉంటాయి. ఆ కౌంటీ కోర్టు క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి ఆ కేసులో ముద్దాయి పుట్టిన తేదీ ఏముందో అడగండి. ఈ పని చాలామంది చేయరు, 'మావారు అలాంటివారు కాదు' అని పేజీలు పేజీలు రాస్తారు. ఆ పేజీలు ఎవరూ చదవరమ్మా. పుట్టిన సంవత్సరం వేరని చూపించే కోర్టు కాగితం ఒక్కటి చాలు. ఉత్తరం మీవారి పేరుతో, ఇంగ్లీషులో, అర పేజీ ఉంటే సరిపోతుంది. అందులో ఉండాల్సిన విషయం ఇది:

'మీరు ఫలానా తేదీన ఫలానా అపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన రిపోర్టులో ఫలానా నంబరు కేసు నాది కాదు. నా పుట్టిన తేదీ ఇది, ఆ కేసులో ముద్దాయి పుట్టిన తేదీ ఇది, కోర్టు కాగితం జతచేశాను. ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం విచారించి తొలగించండి. నా గురించి మీ దగ్గరున్న ఫైలు మొత్తం, ఆ సమాచారం మీకు ఎక్కడి నుంచి వచ్చిందో, గత ఏడాదిలో ఎవరెవరికి ఇచ్చారో పంపండి. దిద్దిన రిపోర్టు అపార్ట్‌మెంట్ వాళ్లకి కూడా పంపండి.'

డ్రైవింగ్ లైసెన్సు కాపీ పెట్టండి. పాస్‌పోర్టు, వీసా పేజీలు పెట్టకండి, వాళ్లకి అవి అక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఫారం ఉన్నా సరే, సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. సంతకంతో తిరిగొచ్చే ఆ కార్డు దాచుకోండి. ఉత్తరం అందిన 30 రోజుల్లో వాళ్లు తేల్చాలి. మధ్యలో మీరు ఇంకేదైనా కాగితం పంపితే మరో 15 రోజులు తీసుకోవచ్చు, అందుకే అన్నీ ఒకేసారి పంపమంటున్నాను. సరైనదని రుజువు చేసుకోలేకపోతే తీసేయాల్సిందే.

తీయకపోతే ఎఫ్‌సీఆర్‌ఏ కేసులు చేసే కన్స్యూమర్ లాయర్ని కలవండి. గెలిస్తే లాయరు ఫీజు అవతలి కంపెనీ కట్టాలని చట్టంలోనే ఉంది, అందుకే చాలామంది ముందుగా డబ్బు అడగరు. ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఒకాయన కారు కొనడానికి వెళితే, ఆయన పేరు ప్రభుత్వం టెర్రరిస్టుల జాబితాలో పెట్టిన వేరే మనిషి పేరుతో కలిసిందని ట్రాన్స్‌యూనియన్ రిపోర్టు చెప్పింది, డీలరు కారు అమ్మలేదు. పోల్చింది మొదటి పేరు, చివరి పేరు, అంతే. అలాంటివాళ్లు 8,185 మంది కలిసి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో కోర్టు ఏమందంటే, తప్పుడు రిపోర్టు నిజంగా బయటి వ్యాపారానికి వెళ్లిన 1,853 మందికే నష్టపరిహారం అడిగే అర్హత ఉంది, కంపెనీ ఫైల్లోనే ఉండిపోయినవాళ్లకి లేదు అని. ఆ రెండో గుంపుకి అన్యాయం జరిగిందనే నేను అనుకుంటాను. మీవారి రిపోర్టు మాత్రం లీజింగ్ ఆఫీసు దాకా వెళ్లింది, దానికి నోటీసే సాక్ష్యం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, మీకు కాకపోయినా చదివే ఇంకెవరికైనా పనికొస్తుంది. నిజంగానే కేసు పడి, కోర్టు కొట్టేసినా, టెక్సస్‌లో ఎక్స్‌పంక్షన్ ఆర్డరు తెచ్చుకున్నా, కోర్టు తన దగ్గరున్నది చెరిపేస్తుంది గానీ అంతకుముందే అమ్ముడుపోయిన కాపీలన్నీ వాటంతటవి చెరిగిపోవు. పాత కాపీ పట్టుకుని 'కేసు నడుస్తోంది' అని అమ్మేవాళ్లు ఉంటారు. ఆర్డరు కాపీ ఒక్కొక్క కంపెనీకీ మనమే పంపుకోవాలి. శిక్ష పడని అరెస్టులు ఏడేళ్లు దాటితే రిపోర్టులో పెట్టకూడదని ఎఫ్‌సీఆర్‌ఏలో ఉంది. కానీ ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన జీతమున్న ఉద్యోగాలకి ఆ గీత వర్తించదు. మన ఐటీ పిల్లల్లో ఎక్కువమంది ఆ గీతకి పైనే ఉంటారు.

మాండమస్ విషయంలో మాత్రం మనసు కుదుటపరచుకోండి. అది నేరం కేసు కాదు. మా ఫైలు ఇన్నాళ్లు పక్కన పెట్టారు, ఏదో ఒకటి తేల్చమనండి అని ఫెడరల్ కోర్టుని అడిగే సివిల్ కేసు. క్రిమినల్ చెక్‌లో రాదు. ఫెడరల్ కోర్టుల్లో పేసర్ అనే సిస్టం ఉంది, పేజీకి 10 సెంట్లు కడితే ఎవరైనా కాగితాలు చూడొచ్చు. కానీ ఇమిగ్రేషన్ కేసులకి సివిల్ రూల్స్‌లో 5.2 అనే నిబంధన కొంత అడ్డం పెడుతుంది. బయటివాళ్లకి ఇంట్లో కూర్చుని కనిపించేది కేసు నడిచిన తేదీల పట్టిక, కోర్టు ఆర్డర్లు మాత్రమే. మీరు జతచేసిన ఐ-797 నోటీసులు, పెళ్లి సర్టిఫికెట్లు కావాలంటే ఆ కోర్టు దాకా వెళ్లి చూడాలి. పార్టీల పేర్లు మాత్రం పట్టికలో ఉంటాయి, జస్టియా లాంటి సైట్లు అక్కడి నుంచే ఎత్తుకుంటాయి. కోర్టు పట్టిక నుంచి పేరు తీయించడం దాదాపు కుదరని పని. సైటు వాళ్లని మర్యాదగా అడిగితే కొందరు ఆ పేజీ గూగుల్‌కి దొరకకుండా చేస్తారు, ఒక మెయిల్ రాసి చూడండి. అది ఎవరి కంటైనా పడితే మాత్రం సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీకు రావాల్సిన కాగితం కోసం మీరు కోర్టుకి వెళ్లారు.

అడ్రసుల జాబితా దారి వేరు. మీరు క్రెడిట్ కార్డుకి అప్లై చేసిన ప్రతిసారీ మీ పేరు, అప్పటి అడ్రసు క్రెడిట్ బ్యూరోలకి వెళతాయి. అప్పులు, చెల్లింపులు ఉన్న భాగానికి చట్టం గట్టి కాపలా పెట్టింది. పైన పేరు, అడ్రసులు ఉండే భాగాన్ని క్రెడిట్ హెడర్ అంటారు, అది విడిగా డేటా కంపెనీలకి అమ్ముడుపోతుంది. దాన్ని కూడా ఎఫ్‌సీఆర్‌ఏ కిందికి తెస్తామని కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో 2024 డిసెంబరులో ప్రతిపాదించి, 2025 మేలో వెనక్కి తీసుకుంది. తీసుకోకుండా ఉండాల్సింది. దీనికి తోడు ఫోన్ ఫ్యామిలీ ప్లాన్లు, షాపింగ్ ఖాతాలు, మనం అనుమతులిచ్చిన యాప్‌లు ఉండనే ఉన్నాయి. మీ అత్తయ్యగారి పేరు ఇలాంటి ఏదో ఒక ఖాతా నుంచే మీ అడ్రసుకి ముడిపడి ఉంటుంది. ఆవిడకి మీ ప్లాన్‌లో ఫోన్ లైను తీసుకున్నారేమో, ఆవిడ పేరున పార్సిల్ తెప్పించారేమో గుర్తు తెచ్చుకోండి. రేపు మీరు ఇల్లు కొంటే కాలిన్ కౌంటీలోనో డెంటన్ కౌంటీలోనో అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో యజమాని పేరు కొట్టి ఇల్లు ఎక్కడో ఎవరైనా చూడొచ్చు. ఇల్లు కొన్న నెలలోనే హోమ్ వారంటీ అనీ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ అనీ పోస్టుబాక్సు నిండేది అందుకే.

ఈ ముక్కలన్నీ ఒక మనిషి కింద కుట్టేవాళ్లు పెద్ద కంపెనీలు. లెక్సిస్ అనేది 1973లో లాయర్లు తీర్పులు వెతుక్కోవడానికి వచ్చిన సర్వీసు. ఈరోజు అదే లెక్సిస్‌నెక్సిస్ గుంపులోని రిస్క్ విభాగం దగ్గర మనుషుల అడ్రసులు, కోర్టు రికార్డులు, ఇన్సూరెన్సు క్లెయిములు ఉన్నాయి. జనరల్ మోటార్స్ కార్లలో ఎప్పుడు గట్టిగా బ్రేకు వేశారు, రాత్రి ఎంత పొద్దుపోయాక నడిపారు అన్న వివరాలు కూడా ఆ కంపెనీకి అమ్మారని 2024లో బయటపడింది. కారు నడిపేవాళ్లలో కొందరికి తెలియకుండానే ఇన్సూరెన్సు పెరిగింది. మీ ఇద్దరి ఫైళ్లూ పంపమని లెక్సిస్‌నెక్సిస్ రిస్క్ సొల్యూషన్స్‌కి రాయండి, ఉచితం. అలాగే ఈక్విఫాక్స్ నడిపే వర్క్ నంబర్ నుంచి మీవారి ఎంప్లాయ్‌మెంట్ డేటా రిపోర్టు తెప్పించండి. చాలా కంపెనీల పేరోల్ నుంచి ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారు, ఎంత జీతం అన్నది అందులోకి వెళుతుంది. కావాలంటే దాన్ని ఫ్రీజ్ కూడా చేయించొచ్చు.

గూగుల్‌లో కనిపించిన ఆ చిల్లర సైట్లు 'మేం కన్స్యూమర్ రిపోర్టింగ్ ఏజెన్సీ కాదు' అని కింద చిన్నక్షరాల్లో రాసుకుని ఎఫ్‌సీఆర్‌ఏ నుంచి తప్పుకుంటాయి. మాట ఒకటి, వ్యాపారం ఒకటి అయినప్పుడు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకున్న సందర్భాలున్నాయి. స్పోకియో 2012లో 8 లక్షల డాలర్లు, ట్రూత్‌ఫైండర్, ఇన్‌స్టంట్ చెక్‌మేట్ కలిపి 2023లో 58 లక్షల డాలర్లు కట్టాయి. చాలా సైట్లలో అడుగున ఆప్ట్ అవుట్ అని, మన వివరాలు తీసేయమని అడిగే లింకు ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటీ చేయండి, దానికోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. ఐడీ అప్‌లోడ్ చేయమంటే చేయకండి. కొన్ని నెలలకి పేరు మళ్లీ తేలొచ్చు, మళ్లీ తీయించాలి. గూగుల్‌లో 'రిజల్ట్స్ అబౌట్ యూ' అని ఉంది, మీ ఫోను, అడ్రసు ఉన్న ఫలితాలు తీసేయమని అందులో అడగొచ్చు. టెక్సస్ ప్రైవసీ చట్టం 2024 జులై నుంచి అమల్లో ఉంది, డేటా తొలగించమని మీరడిగితే కంపెనీలు 45 రోజుల్లో జవాబివ్వాలి. పబ్లిక్ రికార్డుల నుంచి తీసుకున్నదానికి మాత్రం అది వర్తించదు. కాలిఫోర్నియాలో ఉన్న మన పాఠకులకి ఇంకా మంచి దారి ఉంది. డ్రాప్ అనే ప్రభుత్వ సైట్‌లో ఒక్కసారి అడిగితే రిజిస్టర్ అయిన డేటా బ్రోకర్లందరికీ, అంటే మన వివరాలు అమ్మే కంపెనీలకి, వెళుతుంది, 2026 ఆగస్టు 1 నుంచి వాళ్లు ఆ విన్నపాలు అమలుచేయాలి.

మీ పాత అడ్రసు, అత్తయ్యగారి పేరు చెప్పి 'ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి' అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. ఆ వివరాలు కొద్ది డాలర్లకి ఎవరికైనా దొరుకుతాయని మీరే చూశారు కదా. ఫోన్ పెట్టేయండి. ఈ మాట అత్తయ్యగారికీ చెప్పండి, ఇండియా నంబరుకీ చేస్తారు.

నోటీసు ఎప్పుడు అందిందో మీరు రాయలేదు. ఆ 60 రోజులు నడుస్తూనే ఉంటాయి. ఇది చదవగానే ఆ కాగితం వెతికి తేదీ చూడండి, రిపోర్టు కంపెనీ పేరు నాకు రాయండి. మీవారు ఇంగ్లీషులో ఉత్తరం రాశాక పంపితే, పోస్టులో వేసేముందు నేనోసారి చదివి పెడతాను.